తల్లి లేని కోడిపిల్లలకు గూడు: డిగ్రీల లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒకరోజు వయసు కోడిపిల్లలను తెచ్చుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: గూట్లో ఎన్ని డిగ్రీల వేడి ఉండాలి? మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెల్సియస్. అంకె సరైనదే. కానీ ఆ అంకెను పట్టుకుని గూడంతా ఒకే వేడి ఉండేలా బిగిస్తే పిల్లలు దక్కవు.

పెట్ట వెంట తిరిగే పిల్లను గమనిస్తే సంగతి తెలుస్తుంది. చలేస్తే రెక్క కింద దూరుతుంది. ఒళ్లు వెచ్చబడగానే బయటికొచ్చి నాలుగు గింజలు ఏరుకుంటుంది, మళ్లీ దూరుతుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇలా ఎన్నిసార్లో. వేడితో పాటు ఆ వేడిలోంచి బయటపడే వీలు కూడా పెట్ట దగ్గర దొరుకుతుంది. మనం కట్టే గూట్లో ఆ రెండూ ఉండాలి. కింద వచ్చే కొలతలు చాలావరకు ఈ ఒక్క లెక్క మీద నడుస్తాయి.

50 పిల్లలనుకుందాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలను ఇళ్ల దగ్గర పెంచేవాళ్లకు ఇది సులువైన సంఖ్య. ఈ పిల్లలు హేచరీ నుంచి, అంటే యంత్రాల్లో గుడ్లు పొదిగించే చోటి నుంచి వస్తాయి. రెక్క కింద దాచే తల్లి ఉండదు.

పిల్ల తన ఒంటిని తాను ఎందుకు కాచుకోలేదు

పెద్దకోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లది అంతకన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువ, దాన్నీ అది నిలబెట్టుకోలేదు. ఒంటిమీద ఉన్నది నూగే గాని ఈకలు కావు. ఒళ్లు చిన్నది కనుక బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి ఇట్టే పోతుంది. చలికీ ఎండకీ తట్టుకునేలా ఒళ్లు తనంతట తాను సర్దుకోవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

పొట్టలో ఇంకో సంగతి ఉంది. గుడ్డులోంచి బయటపడే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను బొడ్డు దారిన కడుపులోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులకు సరిపడే ఆహారం అది. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి కూడా అందులోనే ఉంటుంది. హేచరీలు పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి ఊళ్లకు పంపగలుగుతున్నది ఈ సొన పుణ్యమే. అయితే పిల్ల చలికి బిగుసుకుపోతే సొన సరిగా అరగదు, లోపలే పాడవుతుంది. మొదటి వారంలో పొట్ట ఉబ్బి, బొడ్డు వాచి, దుర్వాసనతో చచ్చిన పిల్లలు కనిపిస్తే నెపం హేచరీ మీదకు పోతుంది. హేచరీ శుభ్రత లోపమూ కావచ్చు. కానీ మొదటి రాత్రి గూడు చల్లబడిందేమో కూడా చూసుకోవాలి.

తడిక, దాని చుట్టుకొలత

గూడు గుండ్రంగా ఉండాలి. మూలలుంటే చలేసినప్పుడో బెదిరినప్పుడో పిల్లలన్నీ ఒక మూలకు తోసుకుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. పొద్దున్నే మూలలో పది పిల్లలు అణిగి చచ్చి ఉంటే జబ్బేమో అని మందుల షాపుకు పరుగెత్తనక్కర్లేదు, ముందు ఆ మూలను పూడ్చాలి. అట్టపెట్టెనే వాడుతుంటే అట్టముక్కలు వంచి నాలుగు మూలలూ గుండ్రంగా చేయండి.

తడికకు 18 అంగుళాల ఎత్తు చాలు. వెదురు తడిక, రేకు, గట్టి అట్ట ఏదైనా ఫరవాలేదు. పొడవు 18 అడుగులు తీసుకోండి. మొదటి వారం దాన్ని 4 అడుగుల వ్యాసానికి చుట్టి, మిగిలిన ఐదారు అడుగులను మొదటి చుట్టు మీదికే వచ్చేలా చుట్టేయండి. రెండో వారం 5 అడుగులకు వదులు చేయండి. మూడో వారానికి తడిక మొత్తం విప్పితే సుమారు 5.7 అడుగుల వ్యాసం, అంటే 25 చదరపు అడుగులు దాటుతుంది. పిల్లకు అరచదరపు అడుగు చొప్పున నాలుగో వారం వరకు ఈ చోటు సరిపోతుంది. ఆ తర్వాత తలకు ఒక చదరపు అడుగు కావాలి.

మొదట్లో చోటు మరీ ఎక్కువైతే పిల్లలు వేడికీ మేతకీ దూరంగా తప్పిపోతాయి. మరీ ఇరుకైతే వేడి నుంచి తప్పుకోవడానికి చోటుండదు. రెండోదే ఎక్కువ ప్రమాదం. బల్బు కింద వెచ్చని చోటు గూట్లో మూడో వంతు మించకూడదు.

బల్బు సంగతి

పిల్లకు రెండు వాట్ల చొప్పున వేసుకుంటే చలికాలానికి సరిపోతుంది, ఎండాకాలంలో ఒక వాట్ చాలు. 50 పిల్లలకు 60 వాట్ల బల్బులు రెండు. ఒకటే 100 వాట్ల బల్బు పెట్టకండి. అర్ధరాత్రి అది మాడిపోతే తెల్లారేసరికి తెలిసేది నష్టమే.

ఇక్కడ ఇప్పుడు కొత్తగా వస్తున్న పొరపాటు ఒకటి ఉంది. 60 వాట్ల బల్బు అని చెబితే షాపులో అంత వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీ చేతిలో పెడతారు. వెలుగు అంతే, వేడి మాత్రం తొమ్మిది వాట్లే. పాత తీగ బల్బు తీసుకున్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే మారుస్తుంది. ఇళ్లలో దాన్ని మానేయడానికి కారణం ఏదో, కోడిపిల్లలకు అది పనికిరావడానికి కారణమూ అదే. తీగ బల్బులు దొరకకపోతే ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ బల్బు గాని, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ గాని తీసుకోండి. సిరామిక్ హీటర్‌కు ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే వాడాలి. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు 50 పిల్లలకు ఎక్కువే. దాన్ని రెండడుగుల ఎత్తున కట్టి, పిల్లల తీరు చూసి దించుకోవాలి. పగలకుండా పైపూత వేసిన బల్బులు కొన్ని వస్తాయి. ఆ పూత టెఫ్లాన్ అయితే వేడెక్కినప్పుడు వచ్చే ఆవిరి పక్షుల ఊపిరితిత్తులకు విషం. వాటి జోలికి పోకండి.

బల్బులను లిట్టర్‌కు, అంటే నేల మీద పరిచే ఊకకు, అడుగున్నర ఎత్తులో, పైన రేకు టోపీ పెట్టి కట్టండి. టోపీ లేకపోతే వేడి సగం పైకప్పు పాలవుతుంది. కరెంటు తీగ మీదే బల్బును వేలాడదీయడం చాలాచోట్ల కనిపిస్తుంది. తీగ జారిందంటే కింద ఉన్నది ఎండు ఊక. బరువు మోయడానికి ఇనుప గొలుసు కట్టి, తీగను వదులుగా వదలండి. గొలుసుంటే ఎత్తు మార్చడమూ తేలిక. బల్బు చుట్టూ ఇనుప జాలీ ఉంటే ఇంకా మంచిది.

థర్మామీటర్ కన్నా పిల్లలే నయం

థర్మామీటర్ పెట్టండి, కాని గోడకు కాదు. రేకు టోపీ అంచుకు సూటిగా కింద, లిట్టర్‌కు రెండంగుళాల ఎత్తున, పిల్ల వీపు ఉండే చోట పెట్టాలి. మొదటి వారం 95, రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80 డిగ్రీల ఫారెన్‌హీట్. వారానికి ఐదు చొప్పున తగ్గించుకుంటూ వెళ్లి బయటి వేడితో కలిపేయడమే. ఈ అంకెలు టోపీ అంచుకే వర్తిస్తాయి. తడిక దగ్గర పది పదిహేను డిగ్రీలు తక్కువే ఉండాలి.

తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూడండి. పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరి, కీచుకీచుమని ఎడతెగకుండా అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా తడికను ఆనుకుని, రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి రొప్పుతూ ఉంటే వేడి. ఇంకో రకం ఉంది: అన్నీ ఒక పక్కకే చేరతాయి, బల్బు కిందా ఉండవు, తడిక చుట్టూ సర్దుకోవు. అప్పుడు ఎదుటి పక్క నుంచి చలిగాలి వస్తున్నదన్నమాట. తలుపు సందో గోడ కన్నమో వెతకాలి. బల్బు దించితే ఈ ఇబ్బంది పోదు. కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని వెల్లకిలా కాకుండా పక్కకు కాళ్లు చాపి నిద్రపోతూ, గూడంతా సమంగా పరుచుకుని, సన్నగా కిచకిచమంటుంటే ఇక దేన్నీ కదపకండి.

పిల్లను చేతిలోకి తీసుకుని పాదాలను మన చెంపకు ఆనించి చూడటం మంచి పరీక్ష. పాదాలు చల్లగా తగిలితే థర్మామీటర్ ఎంత చూపినా నేల చల్లగా ఉందనే. బల్బు గాలిని త్వరగా వేడి చేస్తుంది, సిమెంటు నేలను కాదు. అందుకే పిల్లలు రాకముందు 24 గంటలపాటు బల్బులు వెలిగించి ఉంచాలి. పిల్లలు దిగాక స్విచ్ వేసేవాళ్లు మొదటి రాత్రే నష్టపోతారు.

కాలాన్ని బట్టి లెక్క మారుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ పల్లెల్లో, అరకు, లంబసింగి కొండల్లో రాత్రి చలికి 120 వాట్లు చాలవు. రెట్టింపు సిద్ధంగా ఉంచుకోవాలి. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండల్లో పగలు బల్బు అసలు అక్కర్లేదు. అప్పుడు పిల్లలను చంపేది వేడే. కప్పు మీద తాటాకు గాని గడ్డి గాని పరిచి తడపడం, నీళ్ల డబ్బాలు పెంచడం అప్పటి పని. పుస్తకంలో 95 అని ఉందని మిట్టమధ్యాహ్నం బల్బు వెలిగించడం లాంటి తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఊక, దాని మీద కాగితం

నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండిన వరి ఊక పరవండి. వేరుశనగ పొట్టు కూడా బాగుంటుంది. రంపపు పొట్టు సన్నగా ఉంటే పిల్లలు మేతనుకుని తింటాయి. ఊకను గుప్పిట్లో పట్టుకుని వాసన చూడండి. బూజు వాసన వస్తే అది ఎంత చవకైనా వద్దు. ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరి బ్రూడర్ న్యుమోనియా వస్తుంది, పిల్లలు శబ్దం లేకుండా నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటాయి. దానికి పనికొచ్చే మందు లేదు.

మొదటి మూడు రోజులు ఊక మీద కాగితం పరుస్తారు. పిల్లలు ఊకను తినకుండా, మేత కంటికి కనిపించేలా చేసే ఏర్పాటిది. నున్నటి న్యూస్‌పేపర్ మీద కాళ్లు జారి, రెండు కాళ్లూ చెరోపక్కకు బార్లా పోయి, పిల్ల మళ్లీ నిలబడలేక పోతుంది. కాగితాన్ని బాగా నలిపి పరవండి, లేదా గరుకుగా ఉండే అట్ట వాడండి. కాగితాలు మూడు పొరలు వేస్తే రోజుకొక పొర తీసేయొచ్చు. నాలుగో రోజుకు మొత్తం తీసేయాలి.

ఐదో రోజు చావులు మొదటి రోజే మొదలవుతాయి

నాలుగు రోజులు అంతా బాగుంది, ఐదో రోజు నుంచి రోజుకు రెండు మూడు పోతున్నాయి. ఇది తరచూ వినే మాట. చచ్చిన పిల్లను చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు, మెడ కింద మేతసంచి ఖాళీ. అది జబ్బు కాకపోవచ్చు. పక్కనే మేత, నీళ్లు ఉన్నా కనుక్కోలేకపోయిన పిల్లలవి. కడుపులో సొన ఉన్నన్నాళ్లూ నిలిచాయి, అది అయిపోగానే పోయాయి. కొన్నది మొదటి రోజున, లెక్క తేలింది ఐదో రోజున.

అందుకని మొదటి కొన్ని గంటలు మనమే పూనుకోవాలి. ముందు నీళ్లు, తర్వాత మేత. పెట్టెలోంచి తీసేటప్పుడే ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లలో అద్ది వదలండి. నాసికా రంధ్రాలు మునగకూడదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, బోరు నీళ్లు చలికాలం పొద్దున నేరుగా పోయొద్దు. దూరం నుంచి వచ్చి నీరసించిన పిల్లలకు మొదటి ఐదారు గంటలు లీటరుకు 50 గ్రాముల బెల్లం లేదా గ్లూకోజ్ కలపొచ్చు. ఆ తర్వాత మామూలు నీళ్లే. తీపి నీళ్లు రోజుల తరబడి ఇస్తే రెట్ట పలచబడి వెనక అంటుకుంటుంది.

50 పిల్లలకు రెండు లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి చాలని లెక్క, కాని రెండు పెట్టండి, బల్బు కిందకు రాకుండా గూటికి రెండు పక్కలా. అడుగు పళ్లెం లోతుగా ఉంటే గులకరాళ్లు పోయండి, లేకపోతే పిల్లలు మునుగుతాయి. గంట రెండు గంటల తర్వాత కాగితం మీద సన్నగా నలగ్గొట్టిన మొక్కజొన్న చల్లండి. కాగితం మీద మేత రాలిన చప్పుడుకు పిల్లలు పరుగెత్తుకొస్తాయి. ఆ పూట గడిచాక చిక్ స్టార్టర్, అంటే చిన్నపిల్లల కోసం అమ్మే దాణా. ఆ రాత్రి నిద్రపోయే ముందు పది పిల్లలను పట్టుకుని మెడ కింద వేలితో తడిమి చూడండి. మేతసంచి మెత్తగా, నిండుగా తగలాలి. గట్టిగా గింజల్లా తగిలితే నీళ్లు అందలేదు. మర్నాటికి దాదాపు అన్నిటికీ నిండి ఉండాలి. ఖాళీగా ఉన్నవాటిని వేరుచేసి నీళ్ల దగ్గరే వదలండి.

దాణాలో 20 శాతం ప్రొటీన్ ఉండాలి. మొదటి వారం పిల్లకు రోజుకు సుమారు 10 గ్రాములు పడుతుంది, అంటే 50 పిల్లలకు మూడున్నర కిలోలు. ఆ మాత్రం ఖర్చుకు వెనకాడి నూకలతోనే పెంచితే పొట్ట నిండుతుంది గాని ఈకలు రావు. ఇంట్లో ఉంది కదా అని గుడ్లుపెట్టే కోళ్ల దాణా వేయడం ఇంకా చెడ్డది. పెంకు కోసం దానిలో 3.5 శాతానికి పైగా కాల్షియం ఉంటుంది, అది పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వెనక రెట్ట ఎండి అంటుకుని దారి మూసుకుపోయిన పిల్లలుంటే గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి నానబెట్టి తుడవండి. లాగొద్దు. దాని కిందుగా పొట్టవైపు చిన్న నల్లటి పొక్కు ఉంటుంది, అది బొడ్డు. దాన్ని రెట్టనుకుని పీకితే పిల్ల చస్తుంది.

గాలి ఆడకపోతే

చలికాలంలో గూటి చుట్టూ పాలిథిన్ పట్టా పైనుంచి కిందిదాకా బిగించేస్తారు. వెచ్చగా ఉంటుంది, నిజమే. రెట్ట, తేమ కలిసి అమ్మోనియా కూడా అంతే గట్టిగా లోపల నిలుస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్లల ఎత్తున ముక్కు పెట్టి చూడండి. కళ్లు మండితే అప్పటికే చాలా ఆలస్యమైంది. నిలబడి చూసినవాళ్లకు ఆ ఘాటు తెలియదు. పట్టాను కింద నుంచి పైకి కట్టి, కప్పు కింద అడుగు మేర ఖాళీ ఉంచాలి. చలిగాలి పిల్లల మీద పడదు, వేడెక్కిన చెడ్డ గాలి పైనుంచి పోతుంది.

కరెంటు పోయినప్పుడు బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లున్నారు. తలుపులు మూసిన గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, పిల్లలతో పాటు కాపలా పడుకున్న మనిషినీ పొట్టన పెట్టుకుంటుంది. ఇన్వర్టర్ ఉంటే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 120 వాట్లను సుమారు పది గంటలు మోస్తుంది, ఇంట్లో ఫ్యాన్లు వేయకపోతేనే. అది లేనిచోట వేడినీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలకు గోనెగుడ్డ చుట్టి నడుమ పెట్టండి, తడికను దగ్గరికి లాగి పైన గోనె సగం కప్పండి. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి.

పిల్లి కన్నా పందికొక్కు

పిల్లిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. పందికొక్కును మరిచిపోతారు. మట్టి నేల కింద నుంచి బొరియ తవ్వుకుని వచ్చి ఒక్క రాత్రిలో పిల్లలను ఈడ్చుకుపోతుంది, పొద్దున శవాలు కూడా కనిపించవు. కోళ్ల జాలీ అని అమ్మే అంగుళం కన్నాల వల కోళ్లను లోపల ఉంచుతుంది గాని ఎలుకను, పామును బయట ఉంచలేదు. అర అంగుళం వెల్డెడ్ మెష్ కావాలి. గోడల అడుగున అడుగు లోతు పాతండి, లేదా నేల మీద బయటివైపు అడుగు వెడల్పున పరిచి మట్టి కప్పండి.

చీమలు ఇంకో బాధ. నీరసించి కదలని పిల్లను ఎర్రచీమలు బతికుండగానే చుట్టేస్తాయి. గూడు బల్ల మీద ఉంటే నాలుగు పళ్లేల్లో నీళ్లు పోసి బల్ల కాళ్లను అందులో నిలబెట్టండి. నేల మీదైతే రాలిన మేతను రోజూ ఊడ్చేయడం తప్ప దగ్గరి దారి లేదు. చీమల మందు పొడి తడిక దగ్గర చల్లితే పిల్లలు ముక్కుతో పొడుస్తాయి.

మూడో వారం నుంచి

వేడి గండం గట్టెక్కాక తేమ గండం. ఊక తడిస్తే రక్తపారుడు వస్తుంది, అదే కాక్సిడియోసిస్. మూడు నుంచి ఆరు వారాల మధ్య ఎక్కువ. రెట్టలో పడ్డ ఆ సూక్ష్మజీవి గుడ్లు తడీ వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే దశకు చేరతాయి. నీళ్ల డబ్బా చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసి పొడి ఊక వేయండి. డబ్బాను పిల్లల వీపు ఎత్తుకు ఇటుక మీద లేపితే సగం ఒలకడం ఆగుతుంది. గుప్పిట్లో ఊక పిసికి వదిలితే ముద్దగా ఉండిపోకుండా విడిపోవాలి. రెట్టలో రక్తం కనబడితే ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

టీకాల్లో మారెక్స్ అనే జబ్బుకు వేసేది హేచరీలోనే వేస్తారు, కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి. సంతల్లో రంగులద్ది అమ్మే పిల్లలకు అది వేసి ఉంటుందని నమ్మలేం. అవి ఎక్కువగా హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 14వ రోజు గంబోరో జబ్బు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఐసులో రావాలి, కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి. సీసాలు వంద మోతాదులకు తగ్గవు కనుక పక్కింటివాళ్లతో కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఇద్దరికీ కలిసొస్తుంది.

ఐదారు వారాలకు ఈకలు ఒళ్లంతా కప్పాక బయటికి వదలొచ్చు. మొదటి వారం సాయంత్రం రెండు గంటలసేపే వదలండి, మేత గూట్లోనే వేయండి. ఆకలికి చీకటి పడకముందే తిరిగొస్తాయి. పొద్దున్నే వదిలితే కాకులకూ డేగలకూ రోజంతా వేళే.